మూడు నంబర్ల ఆకుపచ్చ సైకిలు

మా ఆఫీసు గేటు పక్కన ఈ మధ్య అద్దె సైకిళ్ళ స్టాండు ఒకటి వెలిసింది. ఫోనులో ఏదో నొక్కితే తాళం ఊడి సైకిలు చేతికొస్తుంది. మొన్నొక సాయంత్రం ఆటో ఒక్కటీ ఆగక, విసుగెత్తి, ఈ వయసులో ఇదేం పని అనుకుంటూనే ఒకటి తీశాను. కుడిచేతి పిడి మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలున్నాయి. వంగి వెనక చక్రం చూశాను. చెయినుకి ఒక్కటే పళ్ళచక్రం. గేర్లన్నీ చక్రం నడిమధ్యన, లావుపాటి ఇనపడబ్బాలో, కంటికి కనబడకుండా దాక్కుని ఉన్నాయి.

ఒకప్పుడు వాడిన వస్తువు ఎదురైతే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నాకు కోపం వచ్చింది. వంతెన ఎక్కేటప్పుడు పిడిని ఒకటో నంబరుకు తిప్పాను. నా కుడికాలు దానంతటదే బిగుసుకుపోయింది. ఇప్పుడు జారుతుంది, ఇప్పుడు పెడలు గిర్రున తిరిగొచ్చి ముంగాలుకు కొడుతుంది అని వంతెన పొడుగునా కాచుకుని ఉంది. జారలేదు. కొత్త సైకిలు, ఎందుకు జారుతుంది. ఇన్నేళ్ళయినా నా కాలు మాత్రం నమ్మలేదు.

నేను కాలేజీలో చేరిన ఏడాది మేం బతుకుతెరువుకు వచ్చిన గుజరాతీ ఊళ్ళో, మగ్గాల పేట లింబాయత్‌లో ఉండేవాళ్ళం. గల్లీకి రెండు పక్కలా ఇళ్ళు, ఇళ్ళ కింద సాంచలు. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచ అంటారు. పొద్దున కళ్ళు తెరిచింది మొదలు టకటక మోతే. మా ఇంట్లో గోడకు తగిలించిన అద్దం కూడా వణుకుతూ ఉండేది, అందులో చూసుకుని పాపిట తీసుకుంటే ఏనాడూ తిన్నగా వచ్చేది కాదు. మాది కరీంనగర్ వైపు. గల్లీలో సగం ఇళ్ళు మావాళ్ళవే కాబట్టి ఏడో తరగతి దాకా తెలుగు బడిలోనే చదివాను, ఆ తరువాతే గుజరాతీ. ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు. గల్లీ మలుపులో బండి మీద ఆవిరికి ఉడికే శనగపిండి లోచో, దానిమీద నూనె, కారం, సేవు. ఈ రెండు వాసనల మధ్యకి సాంచల నూనె కమురు, అవ్వ చీరలకు అంటించే రాళ్ళ జిగురు ఘాటు వచ్చి కలిసేవి. మా అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్ళం. బజారు నుంచి మూటలుగా వచ్చిన చీరలకు మెరుపురాళ్ళు అంటించడం ఆమె పని. నాన్నను బాపు అనేవాళ్ళం. ఆయన ఖటోదరాలో ఒక కార్ఖానాలో సాంచలు బాగుచేసే మాస్టరు.

ఆగిపోయిన సాంచ దగ్గరకు పోయి, అరచెయ్యి దాని చట్రం మీద ఆనించి, కాసేపు కళ్ళు మూసుకుని నిలబడి, ఎక్కడ దెబ్బతిన్నదో చెప్పేవాడట బాపు. కార్ఖానాలో అది నేను చూడలేదు గానీ ఆదివారాలు ఇంటిముందు చూశాను. గడప ముందర వరసగా టేబుల్ ఫ్యాన్లు, మిక్సీలు, పంపు స్టవ్వులు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. ఒక గ్లాసు చాయ్ ఇస్తే చాలు. పాతికేళ్ళ సాంచల మోతకు చెవులు మొద్దుబారిపోవడంతో ఆయనతో మాట్లాడాలంటే గొంతెత్తాలి. ఆయనా గట్టిగానే మాట్లాడేవాడు. మా ఇంట్లో ఏ కూర వండారో గల్లీ చివరి ఇంటికి కూడా తెలిసేది.

కాలేజీ ఊరికి ఆ చివర, అఠ్వా వైపు. పొద్దున ఏడున్నరకు ల్యాబు. షేర్ ఆటోలో రింగురోడ్డు దాకా పోయి, అక్కడ దిగి ఇంకో ఆటో పట్టుకోవాలి. నలుగురు కూర్చునే చోట ఏడుగురు. మూడో వారం ఒకరోజు ఏడుస్తూ ఇంటికొచ్చాను. ఎందుకో చెప్పలేదు. అవ్వకు చెప్పనక్కరలేకపోయింది.

"ఇగ సాలు. సదువు బందు వెట్టి నా పక్కన కూసొని రాళ్ళంటియ్యి," అంది.

బాపు రొట్టె తుంచుకుంటూ మా ఇద్దరి మొహాలూ చూశాడు. నాలుగు రోజుల తరువాత ఆ సైకిలు తెచ్చాడు.

కార్ఖానా సేఠ్ వాళ్ళక్క ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చేటప్పుడు ఓడలో వెంట తెచ్చుకున్న సైకిలట. ఆమె ముసలిదయ్యాక గోదాములో పాత పెట్టెల వెనక పడి ఉంది. మా అమ్మాయి కాలేజీకి పోవాలి అని బాపు అడిగితే తీసుకుపొమ్మన్నాడు. టైర్లు రెండూ పగిలిపోయి ఉంటే ఖటోదరా నుంచి ఇంటిదాకా నడిపించుకుంటూ వచ్చాడు. ముదురాకుపచ్చ రంగు. చెయినును మొత్తం కప్పేసిన రేకు. ఆడవాళ్ళు ఎక్కడానికి వీలుగా కిందికి వంగిన కడ్డీ. హ్యాండిలుకు వేలితో నొక్కే చిన్న మీట, దాని పక్కన మూడు అంకెలు.

"గేర్ల సైకిలంటివి. ఏయి గేర్లు?" అంది అవ్వ.

"లోపట్నే ఉన్నయి. గదే దీని గొప్ప. వాన పడ్డా, దుమ్ము పడ్డా ఏం గాదు," అన్నాడు బాపు.

మా పైగదిలో ఒంటరిగా ఉండే ముసలామె మెట్లు దిగి వచ్చింది. గల్లీ మొత్తానికి ఆమె పెద్దవ్వ. చక్రం మధ్యన ఉన్న డబ్బాను వేలితో తట్టి చూసింది.

"కడుపుల నొప్పి అసొంటిదన్నట్టు. ఏడున్నదో తెల్వది," అంది.

బాపుకు వినబడలేదో, విననట్టు ఊరుకున్నాడో మరి.

కొత్త టైర్లు వేయించాక మొదటి రెండు నెలలు నేను రాణిని. ఒకటో నంబరులో చప్పుడు లేకుండా ఎత్తులు ఎక్కేది. రెండో నంబరు, మూడో నంబరు వేస్తే చక్రం లోపల టిక్ టిక్‌మని గడియారంలా నడిచేది. ఉధనా దర్వాజా దాటాక మూడో నంబరు వేసి తొక్కితే ఆటోలు వెనకబడేవి. కాలేజీలో మా బెంచీ అమ్మాయిలకు లోపల చిన్న మోటారు ఉందని, టిక్ టిక్ అదేనని చెప్పాను. ఒకమ్మాయి నమ్మింది. రోజూ సాయంత్రం వచ్చి డబ్బా మీద చెయ్యి పెట్టి వేడెక్కిందా అని చూసేది. ఆటోల్లో పోయే సమయం మిగిలింది కదా అని దారిలో లోచో బండి దగ్గర ఆగి తిని, మూతి తుడుచుకుని, ఇంటికి పోయి ఆకలిగా ఉందని మళ్ళీ తినేదాన్ని.

వానలు ముదిరాక జారడం మొదలయింది.

మా వైపు నుంచి ఊళ్ళోకి పోవాలంటే రైలు పట్టాల కింద నుంచి పోవాలి. ఆ కిందిదారిని అక్కడ గరనాళా అంటారు. దిగడం హాయి, ఎక్కడమే కష్టం. ఎక్కుతూ మీట నొక్కుతానా, గేరు రెండోదీ కాక, ఒకటోదీ కాక, మధ్యలో ఎక్కడో ఉండిపోయేది. బలమంతా పెట్టి తొక్కిన పెడలు ఒక్కసారి గాల్లో తిరిగేది. అవతలి పెడలు వచ్చి ముంగాలు ఎముక మీద కొట్టేది. వెనక ఆటోవాళ్ళు హారన్లు. ముందర మోకాలి లోతు మురికినీళ్ళు. దిగి తోసుకుంటూ ఎక్కి, చెప్పుల్లో నీళ్ళు కారుతుండగా ల్యాబు గుమ్మంలో నిలబడితే మాస్టారు గడియారం చూపించేవాడు. మూడుసార్లు ఆలస్యమైతే ఒక రోజు రానట్టు లెక్క.

సాయంత్రం చెప్పేదాన్ని. బాపు స్నానం కూడా చేయకుండా సైకిలు ముందర కూర్చునేవాడు. హ్యాండిలు నుంచి చక్రం దాకా పోయే సన్న తీగను బిగించేవాడు, వదులు చేసేవాడు. చక్రం ఇరుసులోంచి బయటికి తొంగిచూసే ఒక బుల్లి గొలుసు ఉండేది, దాన్ని ఒక చుట్టు తిప్పేవాడు.

"ఇగ సూడు. ఒక్కపారి తొక్కి సూడు," అనేవాడు.

గల్లీలో తొక్కితే ఏ లోపమూ ఉండేది కాదు. పొద్దున గరనాళాలో మళ్ళీ జారేది. ఇలా ఎన్ని సాయంత్రాలో. ముంగాళ్ళ మీద నల్లటి మచ్చలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అవ్వ పసుపు కాచి పెడుతూ, "నేను ముందుగాలనే చెప్పిన," అనేది. ఆ మాట రోజూ వినలేక నాకు ఒళ్ళు మండిపోయేది.

"బాపూ, దుకానంల సూపిద్దాం," అన్నాను ఒకరోజు.

గల్లీ మొదట్లో సైకిలు దుకాణం ఉండేది. దుకాణంవాడు నా సైకిలు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, దీన్ని పారేసి మామూలు చక్రం వేయించుకోండి అని హిందీలో అన్నాడు. బాపు మొహం ఎర్రబడింది.

"వానికి తెల్వక పారెయ్యమంటడు. సాంచ మొత్తం ఇప్పి పెట్టెటోనికి గిదొక లెక్కనా. నేను జేస్త," అన్నాడు దారిపొడుగునా.

నాకు కావలసింది ఎవరు చేశారని కాదు, ఏడున్నరకు కాలేజీ చేరడం. ఆ మాట అనలేకపోయాను. నా కోసం ఆదివారం నిద్ర మానుకునే మనిషితో ఏమని పోట్లాడతాం. పోట్లాడలేకపోవడం వల్లనే ఇంకా చిరాకు. జారిన ప్రతిసారీ సైకిలును తిట్టేదాన్ని, తిట్టేది సైకిలును కాదని నాకు తెలుస్తూనే ఉండేది.

చలికాలం మొదలైంది. తాపీ నది ఒడ్డున పాకల్లో లేత జొన్నకంకులు నిప్పుల మీద కాల్చి గింజలు దులిపి అమ్మే రోజులవి. అక్కడివాళ్ళు వాటిని పోంక్ అంటారు. మా పెద్దవ్వ వాటిని చూసి, "ఊచబియ్యం గదనే," అని గుప్పెడు తిని, కళ్ళు తుడుచుకుని, ఊళ్ళో చేనుగట్ల కబుర్లు ఒక గంట చెప్పింది. ఆ కబుర్లు సాగుతుండగానే బాపు చాప పరిచి, పాత పేపర్లు వేసి, వెనక చక్రం ఊడదీసి, డబ్బా విప్పాడు.

అంత చిన్న డబ్బాలో అన్ని ముక్కలుంటాయని ఎవరమూ అనుకోలేదు. పళ్ళచక్రాలు, వాటి చుట్టూ తిరిగే బుల్లి చక్రాలు, గోరంత ఇనుపనాలుకలు, ఆ నాలుకలను లేపి పట్టే వెంట్రుకంత స్ప్రింగులు. తీసిన ప్రతి ముక్క పక్కనా బాపు సుద్దతో ఒక అంకె వేశాడు. అందులో ఒక స్ప్రింగు చటుక్కున ఎగిరిపోయింది. అవ్వ చీరల మూటలు దులిపింది. గల్లీ పిల్లలూ నేనూ నేల మీద బోర్లా పడుకుని వెతికాం. జరీ ముక్కలు దొరికాయి, మెరుపురాళ్ళు దొరికాయి, స్ప్రింగు దొరకలేదు.

బాపు సాంచలో వాడే సన్నటి స్టీలుతీగ తెచ్చాడు. కుట్టుసూదికి చుట్టి, పట్టకారుతో వంచి, తీసేసి, మళ్ళీ చుట్టి, మధ్యాహ్నం మొత్తం అదే పని. ఎన్ని పారేశాడో. ఆఖరికి ఒకటి కుదిరింది. అప్పుడు ముక్కలన్నీ వరసలో పెట్టుకుంటూ వచ్చి, కార్ఖానా నుంచి తెచ్చిన పసుపురంగు గ్రీజును డబ్బా నిండా కూరి మూసేశాడు. సాంచకు గ్రీజు ఎంత పెడితే అంత మంచిది.

గల్లీలో ఆయనే తొక్కి చూశాడు. చక్రం చక్కగా తిరిగింది. టిక్ టిక్ కూడా లేదు.

"సూసినవా. సప్పుడే లేదు. ఎన్నపూస లెక్క పోతున్నది," అన్నాడు.

ఆయన చెవులకు అది ఇంతకుముందు మాత్రం వినబడిందా అని నాకు అనుమానం. అయినా ఆ రోజు ఆయన మొహంలో ఉన్న వెలుగు చూసి నేనూ నవ్వాను.

మర్నాడు ప్రాక్టికల్ పరీక్ష.

పొద్దున చలి గట్టిగా ఉంది. గల్లీలో సైకిలు మొరాయించినట్టు నడిచింది గానీ నడిచింది. గరనాళాలోకి దిగాను. ఎక్కబోతూ ఒకటో నంబరు వేశాను. పెడలు గిర్రున తిరిగింది. రెండు వేశాను, తిరిగింది. మూడు వేశాను, తిరిగింది. ఏ నంబరులోనూ చక్రానికి, నా కాళ్ళకు సంబంధం లేదు. ఎత్తు మధ్యలో సైకిలు ఆగిపోయి వెనక్కి జారితే నేను పక్కకు పడ్డాను. వెనకాల వస్తున్న టెంపో బ్రేకు వేసింది కాబట్టి ఇదంతా చెప్పడానికి ఉన్నాను. మోకాలు చీరుకుపోయింది. ల్యాబు పుస్తకం బురదలో పడింది.

సైకిలును అక్కడే వదిలేసి ఆటో ఎక్కి ఉండాల్సింది. ఆ మాట ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ బాపు ఆదివారమంతా కూర్చుని బాగుచేసిన సైకిలు, అందులోనూ ఖటోదరా నుంచి నడిపించుకుంటూ తెచ్చిన సైకిలు, రోడ్డు పక్కన ఎలా పారేసి పోతాను. తోసుకుంటూ పరిగెత్తాను. ఆయాసం వచ్చినప్పుడు నడిచాను. కాలేజీ గేటు చేరేసరికి ఎనిమిది దాటింది. గేటు మూసి ఉంది.

వాచ్‌మన్ ముసలాయన నా మోకాలు చూసి లోపలికి పోయి అడిగి వచ్చాడు. తల అడ్డంగా ఊపాడు. గేటు తీయలేనందుకు ఆయన ఇబ్బంది పడ్డాడు. నీళ్ళ సీసా తెచ్చిచ్చి, నేను మోకాలు కడుక్కుంటుంటే సైకిలు వైపు చూశాడు.

"చాలా ఏళ్ళకు చూశాను ఇలాంటి బండి. పాత ఊళ్ళో చౌక్ దగ్గర సందులో ఒక బోహ్రా చాచా ఉన్నాడు. వీటి పని ఆయనొక్కడికే తెలుసు," అని దారి చెప్పాడు.

అప్పుడు నాకు ఏ దారీ వినాలని లేదు. మూడు వారాలుగా బట్టీపట్టిన ప్రయోగాలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. మాస్టారు ఆ తరువాత కూడా ఒప్పుకోలేదు. ఆ ఒక్క పరీక్ష కోసం మరుసటి ఏడు నా కంటే చిన్నవాళ్ళతో కలిసి కూర్చోవాల్సి వచ్చింది.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. ఆ వారం బాపుకు సాయంత్రం షిఫ్టు, గడపలో కూర్చుని ఎవరిదో మిక్సీ విప్పుతున్నాడు. చుట్టూ ఇద్దరు ముగ్గురు చాయ్ తాగుతున్నారు. నేను సైకిలును గోడకేసి కొట్టినట్టు ఆనించాను.

"ఏంది బిడ్డా, గిట్లున్నవ్. పరీక్ష మంచిగ రాసినవా?" అన్నాడు.

నాకు తెలియకుండానే గొంతు లేచింది. ఆయనకు వినబడాలని రోజూ ఎత్తే గొంతే అది. కానీ ఆ రోజు ఇంకా ఎత్తాను.

"రాయలే. గేటు మూసిండ్రు. నీకు రాదు బాపూ. నీకు రాదని చెప్తె అయిపోతుండె గద. నాలుగు నెలల సంది నా కాళ్ళు పగులగొట్టుకున్న, నీకు రాదని నువ్వొక్క మాట ఒప్పుకోకుంటివి."

సాంచలు ఆడుతూనే ఉన్నాయి, అయినా గల్లీ అంతా విన్నది. పైన పెద్దవ్వ కిటికీ తెరిచింది. అవ్వ జిగురు చేతులతోనే బయటికొచ్చి, "మెల్లగ, మెల్లగ," అంది. బాపు నా మోకాలు చూశాడు. మిక్సీ మూతకు ఉన్న మరలు తిరిగి బిగించాడు. తెచ్చినాయన చేతిలో పెట్టి, "బజార్ల సూపిచ్చుకో తమ్మీ. నాకు తెల్వది," అన్నాడు. చొక్కా వేసుకుని గంట ముందే పనికి పోయాడు.

ఆ ఆదివారం మా గడప ముందర ఒక్క ఫ్యానూ లేదు. ఎవరో స్టవ్వు తెస్తే చూపు ఆనడం లేదని పంపేశాడు. పై ఆదివారం ఎవరూ తేలేదు. పేపరు ముందర పెట్టుకుని కూర్చునేవాడు. నాతో మాట్లాడేవాడు, తిన్నవా అనేవాడు, పైసలున్నయా అనేవాడు. సైకిలు ఊసు మాత్రం ఎత్తలేదు. అది గోడ పక్కన అలాగే ఉండిపోయింది. తిట్టినా బాగుండేది. ఎదురు కొట్లాట ఆడని మనిషి మీద కోపం ఎక్కడ దింపుకోవాలి.

రెండు వారాలు చూసి, ఎవరికీ చెప్పకుండా సైకిలును తోసుకుంటూ పాత ఊరు పోయాను. చౌక్ వెనక సందు, ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవలేని సందు. చిన్న కొట్లో బోహ్రా ముసల్మానుల తెల్లటోపీ పెట్టుకున్న ముసలాయన కూర్చుని ఉన్నాడు. సైకిలు చూడగానే లేచి నిలబడ్డాడు. ఏమీ అడగకుండా చక్రం ఊడదీసి, తెల్లగుడ్డ పరిచి, డబ్బా విప్పాడు. పసుపు గ్రీజు ముద్దగా బయటపడింది.

"ఎవరు విప్పారిది?" అన్నాడు గుజరాతీలో.

"మా నాన్న," అన్నాను తల దించుకుని.

"సైకిళ్ళ పని చేస్తాడా?"

"కాదు, లూమ్స్ మాస్టర్."

ముక్కలన్నీ ఒకటొకటిగా కిరసనాయిలులో కడిగాడు. సగం అయ్యాక ఆగి, "పుస్తకం చూసి పెట్టాడా?" అన్నాడు.

"పుస్తకం లేదు. సుద్దతో అంకెలు వేసుకున్నాడు."

"ఒక్క ముక్క కూడా తప్పు చోట లేదు. గ్రీజొక్కటే తప్పు. ఈ చిన్న నాలుకలు లేచి పట్టుకోవాలంటే పల్చటి నూనె పడాలి. గ్రీజులో ఇవి నిద్రపోతాయి. ఆ సంగతి చెప్పేవాళ్ళు లేకపోతే ఎవరికైనా ఎలా తెలుస్తుంది?"

తరువాత సూదిమొనతో ఏదో ఎత్తి, భూతద్దం కింద పెట్టి, చాలాసేపు చూశాడు. "ఈ స్ప్రింగు దీంతోపాటు వచ్చింది కాదు," అన్నాడు.

"అది పోయింది చాచా. తీగతో ఆయనే చేశాడు."

ఆయన భూతద్దం కింద పెట్టి నా వైపు తిరిగాడు. "నేను కుర్రతనం నుంచి ఇదే పని చేస్తున్నాను. ఈ స్ప్రింగు పోయిందని ఎవరొచ్చినా, చక్రం మార్చుకొమ్మనే చెప్పాను. చేత్తో చేయవచ్చని నాకు తోచనే లేదు. నా సలాం చెప్పానని మీ నాన్నకు చెప్పు," అన్నాడు. ఆ స్ప్రింగునే తిరిగి పెట్టాడు. డబ్బా మీద ఉన్న చిన్న మూత తెరిచి, నెలకొకసారి ఇక్కడ ఒక చెంచా మిషను నూనె పోయమ్మా అని చూపించాడు. మీటను రెండో నంబరులో పెట్టి బుల్లిగొలుసు ఎంత బిగించాలో కూడా నా చేతే చేయించాడు.

ఇంటికి వస్తుంటే టిక్ టిక్ మళ్ళీ వినబడింది. గరనాళా ఎత్తు కూర్చునే ఎక్కాను. సంతోషించాల్సిన మాటే. నాకు ఏడుపొచ్చింది. ఒక చెంచా నూనె దూరంలో ఆగిపోయాడు ఆయన. ఆ చెంచాడు తేడాకు నా పరీక్ష పోయింది, ఆయన ఆదివారాలు పోయాయి. ఎవరి మీద విసుక్కోవాలో తెలియలేదు.

ఆ సాయంత్రం బాపు వంటగదిలో అన్నం తింటున్నాడు. అవ్వ అవతల గిన్నెలు తోముతోంది. పక్కన కూర్చుని చెప్పాను. పాత ఊరు పోయానని, చాచా విప్పాడని, అన్నీ సరిగ్గా ఉన్నాయన్నాడని, స్ప్రింగు చూసి సలాం చెప్పమన్నాడని. సిగ్గు వల్ల గొంతు పైకి రాలేదు. తల వంచుకుని, నేల మీద వేలితో గీతలు గీస్తూ చెప్పాను. చెప్పడం అయ్యాక ఆయన వైపు చూశాను.

"ఏం నూనె అన్నడు?" అన్నాడు బాపు.

"పల్చటిది. మిషన్ నూనె."

"ఊఁ," అని మజ్జిగ పోసుకున్నాడు.

అంతే. నేను ఎదురుచూసింది అది కాదు. ఏం ఎదురుచూశానో మాత్రం చెప్పలేను. తరువాత ప్రతి నెలా గడపలో కూర్చుని నేనే చెంచాతో నూనె పోసుకునేదాన్ని. బాపు పేపరు వెనక ఉండేవాడు. ఇంకో చుక్క పొయ్యి అనైనా అంటాడేమోనని కావాలని ఆలస్యం చేసేదాన్ని. అనేవాడు కాదు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం పెద్దవ్వ తన టేబుల్ ఫ్యానును చంకలో పెట్టుకుని మెట్లు దిగింది. తెచ్చి బాపు పేపరు మీదే పెట్టింది.

"గీ పంక తిరుగుతలేదు. సూడు," అంది.

"బజార్ల ఇయ్యి పెద్దవ్వా. నాకు రాదు," అన్నాడు.

నా మాట ఆయన నోట్లోంచి వచ్చేసరికి నా చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉండిపోయింది.

"రాకుంటె కరాబు జెయ్యి. కరాబైతె పారేస్త. గని బజార్ల మాత్రం ఇయ్య," అని ఆమె గడపలో చతికిలబడింది. చెంగుతో విసురుకుంటూ, కబుర్లు కూడా చెప్పకుండా, కూర్చుంది. అవ్వ లోపలికి రమ్మన్నా రాలేదు. గంట గడిచింది. చెమటతో ఆమె జాకెట్టు తడిసిపోతోంది. బాపు పేపరు తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. ఆఖరికి లోపలికి వచ్చి పనిముట్ల పెట్టె తీసుకుపోయాడు.

ఫ్యాను తిరిగింది. ఆ పై ఆదివారం ఒక స్టవ్వు వచ్చింది. తరువాత రెండు మిక్సీలు. నాకు సంతోషమే, కాదనను. కానీ నేను నెలల తరబడి చెంచాలతో నూనె పోసి చేయలేనిది ఆమె ఒక్క గంట మొండిగా కూర్చుని చేసిందని లోలోపల ఉడుకుబోత్తనం కూడా ఉండింది.

డిగ్రీ అయ్యేదాకా ఆ సైకిలు మళ్ళీ జారలేదు. ఉద్యోగం వచ్చి మేం ఇల్లు మారేటప్పుడు, గల్లీలో కాలేజీకి పోయే ఇంకో అమ్మాయికి ఇచ్చేశాను, నూనె సంగతి నాలుగుసార్లు చెప్పి. సాంచలు కొంతకాలానికి ఊరి బయటికి పోయాయి. ఆ గల్లీలో ఇప్పుడు మనుషుల మాటలు వినబడతాయి. పెద్దవ్వ పోయింది. బాపు పోయి కూడా కొన్నేళ్ళయింది.

నాకు ఇప్పటికీ నిమ్మళం లేనిది ఆ పరీక్ష గురించి కాదు. నీకు రాదు అన్న మాటను గల్లీ అంతా వినేట్టు చెప్పాను. నీ అంత పనివాడిని చూడలేదన్నారు అన్న మాటను మాత్రం వంటగదిలో, గిన్నెల చప్పుడులో, నేల చూస్తూ చెప్పాను, అదీ చెవులు సరిగ్గా వినబడని మనిషికి. అందులో నూనె అన్న మాట ఆయనకు వినబడింది. స్ప్రింగు సంగతి వినబడిందో లేదో నాకు తెలియదు. ఆ తరువాత పదిహేనేళ్ళు ఒకే ఇంట్లో, ఒకే వరసలో కూర్చుని తిన్నాం. ఒక్కసారి గొంతెత్తి మళ్ళీ చెప్పి ఉంటే సరిపోయేది.